పలికిన గన్ను, పలకని మరదలు

పోయిన వారం మరదలి చేతిలో ఫోన్ పెట్టి, అవతల రింగు మోగుతుండగానే మనం లేచి వచ్చేశాం. పాపం ఆ పిల్ల వారమంతా అలాగే నిలబడి ఉంది. నాకు తెలిసి రెప్ప కూడా వెయ్యలేదు. ఇంకాస్త ఆలస్యం చేస్తే ఫోన్ చెవికి అంటుకట్టుకుని చిగుళ్ళు వేసేది. పదండి, ఆమె దగ్గరికే పోదాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి జరిగింది దారిలో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోగా కాళ్ళు చాపుకోవచ్చు.

ఇది కళ్ళజోడు లెన్సుల గోదాము. మేడ మీద కాపురం, కింద వ్యాపారం. గోడల నిండా సొరుగులు, సొరుగుల నిండా కాగితపు కవర్లు, ఒక్కో కవరులో ఒక్కో జత లెన్సులు. చూడ్డానికి అన్నీ ఒకే గాజు. ఏది ఎంత పవరుదో కవరు మీద అంటించిన చారలకే తెలుసు. ఆ చారలు చదివే స్కానర్ అచ్చం పిస్తోలులా ఉంటుంది గనక ఇంట్లో అందరూ దాన్ని గన్ను అంటారు. గన్ను చదివింది లావుపాటి తీగ వెంట పోయి బల్ల మీది పాత కంప్యూటరులో అక్షరాలై కనబడుతుంది. ఆ కంప్యూటరుని వీళ్ళు పెట్టె అంటారు. అదెంత పాతదంటే, దాన్ని మొదటిసారి వెలిగించిన పూట సూర్యుడు లేచి కొంచెం పక్కకి జరిగి కూర్చున్నాడని మరదలి నాన్న చెబుతాడు.

చారలు లేని రోజుల్లో ఒక పశువుల డాక్టరుకి ఎవరివో లెన్సులు వెళ్ళిపోయాయట. ఆయన అవి పెట్టుకుని ఒక మేకకి ఏనుగు మోతాదు మందు పట్టించాడనీ, అది సాయంత్రానికల్లా తొండం కోసం వెతుక్కోవడం మొదలెట్టిందనీ చెప్పుకుంటారు. డాక్టరుని నేను చూడలేదు. మేకని చూశాను. దాని చూపులో ఏదో వెలితి ఉండేది.

అలాంటివి మళ్ళీ జరక్కూడదనే గన్ను వచ్చింది. గన్నుకీ పెట్టెకీ స్నేహం కుదిర్చినవాడు బావ. మరదలికి మేనత్త కొడుకు. ఏ చారని కొడితే గన్ను ఎలా మారుతుందో ఆ చారలన్నీ ఒక చార్టు మీద అచ్చు వేయించి, పక్కన తన చేత్తో వివరం రాసి, ఆమె బల్ల ఎదురుగా గోడకి అంటించింది కూడా అతనే. తర్వాత చలి రోజుల్లో మామా అల్లుళ్ళకి మాటా మాటా వచ్చింది. "ఈ పెట్టెనన్నా మార్చు మావయ్యా, లేదంటే నన్నన్నా వదిలెయ్" అన్నాడు బావ. "తలుపు తెరిచే ఉంది. మళ్ళీ లోపలికి రావాలంటే మాత్రం నా పెట్టెకి క్షమాపణ చెప్పి రావాలి" అన్నాడు మరదలి నాన్న. బావ పక్క ఊరికి పోయి వేరే చోట పనిలో చేరాడు. వెళ్ళేముందు గుమ్మంలో కాసేపు ఆగాడు. మరదలు తలెత్తలేదు, ఒక్క మాట అనలేదు. కవర్ల మీద లేబుళ్ళు అంటిస్తూ కూర్చుంది. ఆ పూట మిగుల్చుకున్న చూపంతా అప్పట్నించీ ఆ గుమ్మం మీదే ఖర్చు పెడుతోంది.

ఇక పోయిన వారం జరిగిన ఘనకార్యం. సరుకు లెక్క తీసే రోజు వచ్చింది. మూటలు దించే ముసలాయన ఒకాయన ఉన్నాడు. చెప్పిన పని చెప్పినట్టు, చావో రేవో అన్నట్టు చేస్తాడు గనక ఆయన పేరు సైన్యం. ఆ సైన్యానికి మరదలి వదిన గన్ను ఇచ్చి, "చారలున్నది ఏదీ వదలకుండా కొట్టు" అంది. సైన్యం సొరుగులు కొట్టాడు. సబ్బు పొట్లం కొట్టాడు. బిస్కెట్ల పొట్లం కొట్టాడు. తన చొక్కా మెడ పట్టీ విప్పి కొట్టాడు. ఆఖరికి గోడ మీది చార్టు కనబడింది. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్క చార కూడా విడిచిపెట్టకుండా కొట్టి, సెల్యూట్ చేసి నిలబడ్డాడు.

అంతే, గన్నుకి మతి పోయింది. సాయంత్రం కంటి ఆసుపత్రి వ్యాను వస్తుంది. నాన్న సరుకు కోసం పట్నం వెళ్ళాడు. మరదలు బావ నెంబరు నొక్కింది.

ఇక్కడ ఆగాం.

అవతల ఫోన్ ఎత్తారు. వెనకాల ఏదో యంత్రం హోరు వినిపిస్తోంది.

"అలో" అన్నాడు బావ.

"నేనే."

"నేనే అంటే?"

"నేనే అంటే నేనే. నెంబరు తీసేశావా?"

"తియ్యలేదు. నీ నోటితో విందామని అడిగా."

మరదలు చీర చెంగుతో బల్ల తుడిచింది. బల్ల మీద ఏమీ లేదు.

"గన్ను పాడైంది" అంది.

"ఓహో, గన్ను కోసమా."

"మరి దేనికోసం అనుకున్నావ్?"

"ఏం అనుకోలేదు. చెప్పు, ఏమైంది దానికి?"

సైన్యం చేసిన యుద్ధమంతా చెప్పింది. బావ నవ్వాడు. అతని నవ్వు ముక్కులో మొదలై, కాసేపు అక్కడే తచ్చాడి, తర్వాత నోటికి వస్తుంది. పక్క బల్ల దగ్గర రోజంతా వినబడిన రోజుల్లో ఆమె దాన్ని లెక్కచెయ్యలేదు. ఫ్యాను చప్పుడుని ఎవరు లెక్కచేస్తారు. ఇప్పుడు అది ముక్కులో ఉండగానే గుర్తుపట్టి, నోటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టింది.

"చార్టు మొత్తం కొట్టాడా?"

"చివర్న సెల్యూట్ కూడా చేశాడు."

"అయితే ఆ గన్నుకి ఇప్పుడు తనెవరో తనకే తెలీదు. పెట్టె మీద ఏం కనబడుతోంది?"

"ఇందాక డాలరు గుర్తు, రెండు చుక్కలు, మళ్ళీ డాలరు, తర్వాత మూతి ముడుచుకున్నట్టు ఒకటి వచ్చాయి. ఇప్పుడు అదీ లేదు. గొణుగుతోందంతే."

"మూతి ముడుచుకున్నట్టు ఏంటి?"

"నాకేం తెలుసు దాని పేరు. మా నాన్న మూతిలా ఉంది."

మళ్ళీ ముక్కులో నవ్వు. "సరే, మొత్తం తుడిచేసి మొదట్నించి నేర్పుదాం. చార్టు పైన మూల ఎర్ర గీత కింద ఒక చార ఉంటుంది చూడు, ఫ్యాక్టరీ సెట్టింగ్ అని రాశాను. అది కొట్టు. చుట్టుపక్కల చారలు మూసి కొట్టాలి. లేకపోతే అది పక్కింట్లోకి కూడా తొంగిచూస్తుంది."

"దేంతో మూయను?"

"చేతులున్నాయిగా."

"ఒక చేతిలో గన్ను. ఇంకో చేత్తో మూస్తే ఫోను ఎవరు పట్టుకుంటారు? భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నా."

"మెడ పట్టేస్తుంది. స్పీకరు పెట్టి గన్ను పక్కనే బల్ల మీద పెట్టు."

"వదిన వింటుంది."

"విననీ. సీరియల్ పోర్టు గురించి విని వదినేం చేసుకుంటుంది?"

ఫోను బల్ల మీదికి చేరింది. అలా బావ గొంతు చాలా రోజుల తర్వాత ఆ బల్ల మీద, లేబుళ్ళ చుట్టకీ కత్తెరకీ మధ్య కూర్చుంది. మరదలు ఒక ఖాళీ కవరు అడ్డం పెట్టి, పక్క చారలు మూసి, ఎర్ర గీత కింద కొట్టింది. గన్ను రెండుసార్లు పిక్ పిక్ మంది.

"ఇప్పుడు రెండో వరసలో సీరియల్ అన్నది కొట్టు. మీ పెట్టెకి ఆ లావు తీగ భాష ఒక్కటే తెలుసు. కొత్త వాటిలా అది ఏ తీగకి పడితే ఆ తీగకి పలకదు."

"మన పెట్టె."

"ఏంటి?"

"మీ పెట్టె అన్నావు."

"మన పెట్టే. కొట్టావా?"

"కొట్టాను."

"తర్వాత వేగం. తొంభై ఆరు వందలు అని ఉంటుంది. అటూ ఇటూ ఉన్నవి ముట్టుకోకు."

ఈ వేగం సంగతి మీకు తెలియాలంటే మా ఊరి అన్నదమ్ముల గురించి చెప్పాలి. అన్న మాటలు ఎంత జోరుగా ఉండేవంటే, ఆయన నోరు తెరవకముందే సగం వచ్చేసేవి. తమ్ముడు పొద్దున చుట్టానికి "కూర్చోండి" అనడం మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేసరికి చుట్టం భోంచేసి వెళ్ళిపోయేవాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అన్న మాటలు తమ్ముడికి వడగళ్ళు పడినట్టుండేవి. తమ్ముడి మాట అన్నకి చేరేసరికి అన్న వేరే విషయం మీదికి పోయేవాడు. తిడుతున్నాడనే ఇద్దరూ అనుకునేవాళ్ళు. గన్నూ పెట్టే కూడా అంతే. రెండు వైపులా ఒకే వేగం పెట్టకపోతే, పంపింది అంకె అయినా అందేది మూతి ముడుచుకున్న గుర్తే.

"కొట్టాను. తర్వాత?"

"ఏడు బిట్లు. పారిటీ ఈవెన్. స్టాప్ బిట్ ఒకటి. మూడూ ఒకే వరసలో ఉంటాయి."

"పారిటీ అంటే?"

"ప్రతి అక్షరం వెనకా నడిచే కాపలా మనిషి అనుకో. దారిలో ఏదన్నా జారిపోతే పట్టిస్తాడు."

"ఇవన్నీ ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితే కదా."

మరదలు చార్టు వంక చూసింది. వేగం, బిట్లు, పారిటీ అని అతని అక్షరాలు కొంచెం కుడికి ఒరిగి ఉన్నాయి. రోజూ చూసేవే. చూసిన ప్రతిసారీ ఆ ఒరిగిన అక్షరాలు తన వైపే ఒరిగాయని అనుకునేది. అనుకుని, ఎవరన్నా చూశారేమోనని లేబుళ్ళ చుట్ట సర్దేది.

"ఆ రోజు గుమ్మంలో ఆగావు కదా" అంది.

"ఆగాను."

"ఎందుకు?"

"చెప్పులో రాయి."

"అబద్ధం."

"మరి నువ్వు తలెందుకు ఎత్తలేదు?"

"లేబుల్ వంకరపోతుందని."

"పోయిందా?"

"పోయింది."

మరదలు గన్ను మీద దుమ్ము తుడిచింది. దానిమీద కూడా దుమ్ము లేదు.

"ఎంటర్ పెట్టు" అన్నాడు బావ చివరికి. "కింది వరసలో ఉంటుంది. అది లేకపోతే ఒక కవరు అంకెలు అయిపోయాయని పెట్టెకి తెలీదు. కవర్లన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఒకే గీతలో పోతాయి. దాని పక్కనే ముందు అక్షరం అని ఉంది, అదీ కొట్టు. ఏ బల్ల నుంచి వచ్చిందో పెట్టెకి తెలియాలి కదా."

"కొట్టాను. రెండూ."

"ఇంక ఒక్కటే. బదులు అని రాసింది."

ఇది బావ సొంత తెలివి. గన్ను చారలు చదివినంత మాత్రాన కూయకూడదు. చదివింది పంపాలి, పెట్టె దాన్ని అందుకోవాలి, అందిందని తీగ వెంట బదులు పంపాలి, అప్పుడే గన్ను కుయ్‌మనాలి. బదులు రాకపోతే గొంతులో గొణగాలి. తెర వంక చూడక్కర్లేకుండా చెవితోనే పని జరిగిపోవాలని అలా పెట్టాడు. రోజంతా కవర్లు కొట్టే మరదలికి కళ్ళు లాగుతున్నాయని ఒకప్పుడు ఎవరితోనో అంటుంటే విన్నాడట. పెట్టె చేత ఆ ఒక్క మాట అనిపించడానికి చాలా తంటాలు పడ్డాడు. మరదలి నాన్న మాత్రం తన పెట్టె పుట్టుకతోనే మర్యాదస్తురాలని ఊళ్ళో చెప్పుకున్నాడు.

మరదలు బదులు కొట్టింది. అంతటితో సెట్టింగులు ముగిశాయి.

"ఇప్పుడు ఏదో ఒక కవరు కొట్టి చూడు" అన్నాడు బావ.

సొరుగులోంచి ఒక కవరు తీసింది. కొట్టింది.

కుయ్.

తెర మీద ఒక అక్షరం, దాని వెనకే అంకెలు, శుభ్రంగా ఒకే గీతలో వచ్చి నిలబడ్డాయి. మెరిసే గుర్తు తర్వాతి గీతలోకి దిగి, ఇంకో కవరు కోసం రెప్పలాడిస్తోంది. ఎక్కడా డాలరు లేదు. మూతి ముడుచుకున్నది లేదు.

మరదలు ఆ గీత వంక చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు వచ్చిందని చెబితే, సరే ఉంటా అంటాడు. ఫోను నల్లబడుతుంది. వ్యాను వస్తుంది, కవర్లు పోతాయి, సాయంత్రం దీపాలు ఆర్పి తలుపు వేస్తారు. సైన్యం మళ్ళీ చార్టు మీద దండెత్తేదాకా ఇతనికి ఫోన్ చెయ్యడానికి సాకు ఉండదు. సైన్యానికి ముసలితనం వచ్చేసింది, ఎన్ని యుద్ధాలు చేస్తాడు?

"ఏమైంది?" అన్నాడు బావ.

"లేదు బావా."

"ఏం లేదు?"

"రాలేదు. గజిబిజే."

అవతల హోరు. ఎంతసేపంటే, అంతలో మా ఊరి తమ్ముడు ఒక మాట పూర్తి చేసేవాడు.

"మళ్ళీ కొట్టి చూడు."

ఆమె గన్ను ముట్టుకోలేదు. "కొట్టాను. అదే."

"ఏ గుర్తులొచ్చాయి?"

"ఇందాకటివే. డాలరు, చుక్కలు."

"మూతి ముడుచుకున్నది?"

"అదీ వచ్చింది."

"అదొచ్చిందంటే కష్టమే" అన్నాడు బావ నెమ్మదిగా. "అయితే నేనే రావాలి."

"రావాలా?"

"వద్దా?"

"నేను వద్దన్నానా?"

"వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు."

"గన్ను పాడైంది కదా" అంది మరదలు, చార్టు వంక చూస్తూ.

"ఊఁ. గన్ను పాడైంది. వస్తా."

ఫోను నల్లబడింది. మరదలు ముందు పెట్టె తెర ఆపేసింది, సాక్షి ఉండకూడదని. తర్వాత పక్క బల్ల కింద, అట్టపెట్టెల వెనక ఉన్న అతని స్టూలు లాగి తుడిచింది. ఇక్కడ వేసింది. మరీ దగ్గరైందని అటు జరిపింది. మరీ దూరమైందని ఇటు జరిపింది. ఆ స్టూలు అలా తిరిగిన దూరం కొలిస్తే పక్క ఊరు వచ్చేసేది.

సైన్యం గుమ్మంలో నిలబడి తల గోక్కుంటూ చూస్తున్నాడు. "అమ్మాయిగారూ, నాకొకటి తోచింది. పైనుంచి కిందికి కొడితే చెడింది కదా. కింది నుంచి పైకి కొడితే బాగవుతుందేమో, కొట్టేదా?"

"నువ్వు దాని వంక కూడా చూడకు తాతా."

"చిత్తం" అని సైన్యం చార్టుకి వీపు పెట్టి నిలబడ్డాడు. చెప్పిన పని చెప్పినట్టే.

అంతలో కౌంటరు దగ్గర్నుంచి వదిన వచ్చింది. మరదలికి అన్న భార్య. మనిషి కొంచెం లావు, మాట సన్నం, సూదిలా ఉంటుంది.

"గన్ను కూసింది కదా, బాగైందా? వ్యానుకి కవర్లు మొదలెడదాం."

"లేదు వదినా. పాడే."

"నాకు అక్కడికి వినబడిందే."

"పక్క వీధిలోదేమో."

"పక్క వీధిలో గన్నులెవరికి ఉన్నాయి?" వదిన తెర వెలిగించి, ఒక కవరు తీసి కొట్టింది. కుయ్. ఇంకోటి కొట్టింది. కుయ్. తెర మీద రెండు గీతలు ముచ్చటగా దిగాయి. వదిన గీతల వంక చూసింది, స్టూలు వంక చూసింది, ఆఖర్న ఆడపడుచు వంక చూసింది.

"ఎవరితో మాట్లాడావ్?"

"బావతో."

"గన్ను పాడైందనే చెప్పావా? ఇది ఇలా కూశాక కూడా?"

"ఊఁ."

"ఫోను ఎక్కడుంది అప్పుడు?"

మరదలు బల్ల వంక చూసింది. ఫోను ఇంకా అక్కడే ఉంది, గన్నుని ఒరుసుకుని. కౌంటరు దాకా, గోడ దాటి వినబడిన కూత, ఆ ఫోనులోంచి వినబడకుండా ఎక్కడికి పోతుంది? పెట్టెకి అందితే తప్ప గన్ను కూయదని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆ ఫోను అవతలున్నాడు. ఆమె చెవుల దాకా ఎర్రబడింది.

"విన్నాడు" అంది చిన్నగా. "విని కూడా వస్తానన్నాడు."

"వస్తానన్నాడా?" వదిన స్టూలు మీద కూలబడింది. "ఎక్కణ్ణించి వస్తానన్నాడు?"

"పని దగ్గర్నుంచి. మిషను చప్పుడు వినిపించింది."

"అది మిషను కాదే అమ్మాయ్. బస్సు."

మరదలికి అర్థం కాలేదు.

"వాడు మొన్న నాకు ఫోన్ చేశాడు. పక్క ఊళ్ళో పని మానేశాడట. ఎక్కడో ఓడరేవులో పెద్ద గోదాములున్నాయట, అక్కడ గన్నులన్నీ చూసుకోవాలట. మంచి పని. రేపు పొద్దున్నే చేరాలి, చేరకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటారు. ఇవాళ దూరం బస్సు ఎక్కుతున్నానన్నాడు. అది మన స్టాండులో ఆగి పోతుంది."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్పొద్దన్నాడు."

"నేనేదో అంటానని భయమా?"

"నువ్వేదో అంటావని కాదు. చెప్పినా నువ్వు ఏమీ అనవేమోనని."

వదిన మాట మామూలుగా సూదిలా ఉంటుందన్నాను కదా. ఈసారి అది గుచ్చుకోలేదు. నేరుగా లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. మరదలు సొరుగు పట్టుకుని నిలబడింది. అతను రావాలి, ఈ స్టూలు మీద కూర్చోవాలి, ముక్కులో నవ్వాలి. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదొక్కటే. అది ఇప్పుడు బస్సు దిగి వస్తోంది. కానీ ఆమె చెప్పిన అబద్ధం మీద నడిచి వస్తోంది. అతను గుమ్మం తొక్కేసరికి ఓడరేవు పని చేజారిపోతుంది.

"చెప్పెయ్, బాగైందని" అంది వదిన. "లేదా చెప్పకు. నేను కౌంటరుకి పోతున్నా, నాకేం తెలీదు. తాతా, నీకూ ఏం తెలీదు, పద."

"నేనసలు ఇటు చూస్తేగా" అన్నాడు సైన్యం గోడ వైపు తిరిగే.

వాళ్ళు వెళ్ళాక మరదలు మళ్ళీ నెంబరు నొక్కింది. ఈసారి స్పీకరు పెట్టలేదు. రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

"బావా, గన్ను బాగైంది."

"ఎప్పుడు?"

"ఇందాకే. నువ్వు ఫోనులో ఉన్నప్పుడే."

"తెలుసు. కూత నేను పెట్టిందే కదా."

"తెలిసి ఎందుకొస్తానన్నావ్?"

"నువ్వు పుట్టాక చెప్పిన మొదటి అబద్ధమేమో. ఎంత అవస్థపడి చెప్పావో. అది విన్నాక సీట్లో కూర్చోబుద్ధి కాలేదు."

ఇప్పుడు హోరు లేదు. జనం మాటలు, ఎవరో సామాను కోసం కేకెయ్యడం వినబడుతున్నాయి.

"ఎక్కడున్నావ్?"

"మన స్టాండులో. బస్సు దిగాను. డ్రైవరు టీ తాగుతున్నాడు."

"ఓడరేవు?"

"వదిన చెప్పేసిందన్నమాట. ఓడరేవు ఇంకా బస్సులోనే ఉంది. నా సంచీ కూడా టాపు మీదే ఉంది. దింపాలా వద్దా అని క్లీనరు అడుగుతున్నాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. నువ్వు చెప్పు."

మరదలు నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. అక్కడ ఇన్నాళ్ళుగా పేరుకున్న మౌనం ఉంది; దాన్ని జరిపి బయటికి రావడానికి మాటకి కొంచెం వ్యవధి కావాలి. సరిగ్గా ఆ వ్యవధిలోనే బావ గొంతు మారిపోయింది.

"మావయ్య" అన్నాడు.

"ఏంటి?"

"మావయ్య. నా ఎదురుగా ఉన్నాడు."

పట్నం బస్సు వచ్చే వేళ అదేనని మరదలికి అప్పుడు గుర్తొచ్చింది. లెన్సుల అట్టపెట్టెలు చెరో చేత్తో పట్టుకుని దిగే నాన్నని, ఎదురుగా నిలబడిన మేనల్లుణ్ణి ఆమె కళ్ళారా చూసినట్టే అయింది. ఫోనులో నాన్న గొంతు దూరంగా వినబడింది. "నువ్వా. ఇక్కడేం చేస్తున్నావ్?"

"గన్ను చూడ్డానికి వచ్చాను మావయ్యా."

"నిన్నెవరు పిలిచారు? ఆ ఫోనులో ఎవరు?"

"అమ్మాయి."

"ఇటివ్వు."

ఫోను చేతులు మారిన గరగర. తర్వాత నాన్న గొంతు చెవిలోనే పలికింది.

"అమ్మాయ్, వీడు గన్ను పాడైందంటున్నాడు. పాడైతే చేయించుకుని పంపిద్దాం, నాకేం పంతాల్లేవు. అది పనిచేస్తోందా, చెయ్యట్లేదా? నిజం చెప్పు."

చెయ్యట్లేదంటే చాలు. నాన్నే అతన్ని వెంటబెట్టుకుని వస్తాడు. స్టూలు ఉంది, గుమ్మం ఉంది, సాకు ఉంది. ఒక్క చిన్న అబద్ధం, అది కూడా ఇందాక ఒకసారి చెప్పి అలవాటు చేసుకున్నదే. కానీ రిపేరుకి వచ్చినవాడు రిపేరు కాగానే వెళ్ళిపోతాడు. మళ్ళీ గుమ్మంలో ఆగుతాడు. మళ్ళీ ఈమె తల లేబుళ్ళ మీదికి వంగుతుంది.

"పనిచేస్తోంది నాన్నా" అంది.

"పనిచేస్తోందా? మరి వీడెందుకు వచ్చినట్టు?"

మరదలు తలెత్తింది. చూసేవాళ్ళెవరూ లేరు. ఎదురుగా ఖాళీ గుమ్మం ఒక్కటే ఉంది. ఆ గుమ్మానికే చెప్పినట్టు చెప్పింది.

"గన్ను కోసం కాదు నాన్నా. నేను రమ్మన్నాను. నాకోసం రమ్మన్నాను. ఆ సంచీ దింపమని చెప్పు."

అవతల ఎవరో ఈల వేశారు. బస్సు ఇంజను దగ్గింది, గొంతు సవరించుకుంది, హోరున అందుకుంది. ఆ హోరు దగ్గరై, పెద్దదై, నెమ్మదిగా దూరం కాసాగింది. మరదలు ఫోను చెవికి అదుముకుని "నాన్నా" అంది, "బావా" అంది. ఇంజను చప్పుడు రోడ్డు మలుపు తిరిగింది. ఆ బస్సు టాపు మీద సంచీ ఉందో లేదో, కింద సీట్లో ఎవరు కూర్చున్నారో చెప్పకుండానే ఫోను నల్లబడింది.